అచ్చు అదే, బొమ్మ వేరు

ఆప్టిమస్ ప్రైమ్ పాత బొమ్మను లారీ రూపంలో నిలబెట్టి, ముందు అద్దాల పలకను మెల్లగా తెరిస్తే లోపల కాస్త ఖాళీ కనిపిస్తుంది. అంగుళం పైచిలుకు ఎత్తున్న ఒక బుల్లి మనిషి కూర్చోడానికి చేసిన చోటది. వెనక ట్రైలర్‌లో ఉండే యంత్రపు చేతికీ అలాంటి చిన్న గదే ఉంది, దానికి మూత కూడా ఉంది. డబ్బా బోర్లించి వెతికినా ఆ బుల్లి మనిషి మాత్రం దొరకడు. ట్రాన్స్‌ఫార్మర్స్ కథ ప్రకారం ఆప్టిమస్ ప్రైమ్ లారీగా మారే, ప్రాణమున్న రోబో. తనంతట తాను నడుస్తాడు, ఆలోచిస్తాడు, తన గ్రహం కోసం యుద్ధం చేస్తాడు. అలాంటివాడికి డ్రైవరెందుకు?

పాత రోబో బొమ్మల్ని పెద్దవాళ్ల కోసం కంపెనీలు మళ్లీ పోసి అమ్మే ఈ రీఇష్యూ వ్యాపారాన్ని అర్థం చేసుకోడానికి ఆ ఖాళీ సీటు మంచి చోటు. "అసలు బొమ్మ" అని పాత బొమ్మలు సేకరించే కలెక్టర్లు ప్రాణం పెట్టే 1984 నాటి ఆప్టిమస్ ప్రైమ్ కూడా అప్పటికే ఒక రీఇష్యూ అని ఆ సీటే చెబుతుంది.

జపాన్ బొమ్మల కంపెనీ టకారా 1980లో డయాక్లోన్ అనే వరుస మొదలుపెట్టింది. అందులో హీరోలు రోబోలు కావు, వాటిని నడిపే బుల్లి డ్రైవర్లు. వాళ్ల పాదాల్లో చిన్న అయస్కాంతాలుండేవి, ఇనుప రేకు కనిపిస్తే టక్కున అతుక్కునేవాళ్లు. 1982లో ఇదే వరుసలో కార్ రోబో అనే శాఖ వచ్చింది. రోడ్డుమీద తిరిగే నిజమైన కార్లను అరవయ్యో వంతుకు తగ్గించి, మడతలు విప్పితే మనిషి ఆకారం వచ్చేలా చేశారు. మరుసటేడు వచ్చిన బ్యాటిల్ కాన్వాయ్ ఆ ఇంటికి పెద్దన్నలాంటిది. తర్వాత ఆప్టిమస్ ప్రైమ్ అయింది ఇదే. ఎర్ర క్యాబిన్, నీలం కాళ్లు, మెరిసే పొగగొట్టాలు, తెరిస్తే యుద్ధ స్థావరమయ్యే ట్రైలర్. అంతా కలిపి ఒక వాహనమే. కూర్చుని నడిపేవాడు వేరే ఉన్నాడు.

టకారా దగ్గరే దీనికి సమాంతరంగా ఇంకో వంశం నడుస్తోంది. అమెరికా కంపెనీ హాస్‌బ్రో దగ్గర జీఐ జో సైనికుడి బొమ్మకు లైసెన్స్ తీసుకున్న టకారా, ఆ శరీరాన్నే పారదర్శకంగా మార్చి 1972లో హెన్షిన్ సైబోర్గ్ అని అమ్మింది. 1974లో దాన్ని నాలుగంగుళాల లోపుకు కుదించి మైక్రోమ్యాన్ చేసింది. చమురు సంక్షోభంతో ప్లాస్టిక్ ధర మండిపోతున్న రోజులవి, చిన్న బొమ్మకు చాలా కారణాలే ఉన్నాయి. 1983లో ఈ మైక్రోమ్యాన్ వరుసకు మైక్రోచేంజ్ అనే కొత్త కొమ్మ మొలిచింది. ఇందులో తమాషా ఏమిటంటే రోబోలు ఇంట్లో ఉండే వస్తువులుగా మారతాయి. క్యాసెట్, టేప్ రికార్డర్, మైక్రోస్కోప్, వాల్తర్ పీ38 పిస్తోలు. ఇక్కడ దేన్నీ అరవయ్యో వంతుకు తగ్గించలేదు. పిల్లల గదిలో ఉన్న వస్తువు ఎంతుంటుందో రోబో కూడా అంతే.

1983లో టోక్యో బొమ్మల ప్రదర్శనలో హాస్‌బ్రో ప్రతినిధులు వీటిని చూశారు. ఇవి అమెరికాలో నడుస్తాయని గట్టిగా పట్టుబట్టినవాడిగా హెన్రీ ఓరెన్‌స్టైన్ పేరు చెబుతారు. పోలండ్‌లో పుట్టిన యూదుడు, నాజీ శిబిరాల్లోంచి ప్రాణాలతో బయటపడినవాడు. ముసలితనంలో పేకాట ఆటగాళ్ల మూసిన ముక్కలను టీవీ ప్రేక్షకులకు చూపించే కెమెరా ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నదీ ఈయనే. ఒక జీవితంలో ఇన్ని పట్టాయి.

హాస్‌బ్రో డయాక్లోన్‌నీ మైక్రోచేంజ్‌నీ ఒకే బుట్టలో వేసింది. చాలనివాటికి వేరే కంపెనీల తలుపులు కూడా తట్టింది. డ్రైవర్లను తీసేసింది. కథ రాయమని మార్వెల్ కామిక్స్‌ను అడిగితే అక్కడి సంపాదకుడు జిమ్ షూటర్ గ్రహాల యుద్ధం కథ అల్లాడు. ఆప్టిమస్ ప్రైమ్ అన్న పేరు డెనిస్ ఓనీల్ పెట్టాడు, మిగిలినవాళ్లలో చాలామందికి బాబ్ బుడియాన్‌స్కీ నామకరణం చేశాడు. 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో బొమ్మలు దుకాణాల్లోకి, ఆ సెప్టెంబర్‌లో కార్టూన్ టీవీల్లోకి వచ్చాయి. బొమ్మల ప్రచారానికే పుట్టిన కార్యక్రమాలను అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ అప్పటికే చూసీచూడనట్టు వదిలేస్తోంది. జపాన్‌కు ఇవి 1985లో కొత్త పేరుతో పుట్టింటికి చేరాయి. అక్కడ ఆ ఆప్టిమస్ ప్రైమ్ బొమ్మ ఈనాటికీ కాన్వాయే.

రెండు వంశాల పెళ్లి అతుకు కథలో ఎప్పటికీ మానలేదు. జేబులో పట్టే పిస్తోలు మెగాట్రాన్, లారీ అయ్యే ఆప్టిమస్ ప్రైమ్‌కి సమవుజ్జీ శత్రువు. రెండంతస్తుల రోబో సౌండ్‌వేవ్ టేప్ రికార్డర్‌గా మారి బల్లమీద కూర్చుంటాడు. బరువు ఎక్కడికి పోయిందని ఏ పాత్రా అడగదు. కార్టూన్ రచయితలు ఈ చిక్కు విప్పే ప్రయత్నమే చెయ్యలేదు, అదే తెలివైన పని. పిల్లలు కూడా అడగలేదు.

ఉక్కులో ఉన్నదేమిటి

పోలిక బాగా కుదిరితే తెలుగులో "అచ్చుగుద్దినట్టు ఉంది" అంటాం. బొమ్మల ఫ్యాక్టరీలో ఆ మాటకు చాలా షరతులున్నాయి.

ప్లాస్టిక్ బొమ్మలో ప్రతి భాగానికీ ఉక్కు దిమ్మెల్లో చెక్కిన అచ్చు ఉంటుంది. రెండు దిమ్మెలను బిగించి, కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో లోపలికి కొట్టి, చల్లారాక విడదీస్తారు. బొమ్మ ఖర్చులో పెద్ద ముద్ద ఈ ఉక్కు చెక్కడమే. ఒకసారి చెక్కాక అదే అచ్చు లక్షల సార్లు పనిచేస్తుంది, ఒక్కో బొమ్మకు పడే ప్లాస్టిక్ ఖర్చు దానిముందు తక్కువ. అందుకే కంపెనీలు ఒకే అచ్చుతో రంగులు మార్చి ఇద్దరు ముగ్గురు పాత్రల్ని తీస్తాయి. 1984, 1985 వరుసల్లో ప్రౌల్, బ్లూస్ట్రీక్, స్మోక్‌స్క్రీన్ ముగ్గురూ ఒకే నిస్సాన్ ఫెయిర్‌లేడీ కారు, చిన్న తేడాలతో. స్టార్‌స్క్రీమ్, థండర్‌క్రాకర్, స్కైవార్ప్ ఒకే ఎఫ్-15 విమానం. పాత అచ్చు గోదాములో భద్రంగా ఉంటే ఇరవయ్యేళ్ల తర్వాత దాన్ని బయటికి తీసి మళ్లీ పోతకు పెట్టడం కూడా ఇదే లెక్క. పెట్టుబడి ఎప్పుడో తిరిగొచ్చేసింది.

అయితే ఉక్కు గోదాములో పడుకున్నంత మాత్రాన అలాగే ఉండదు. తుప్పు పడుతుంది, అంచులు అరుగుతాయి. అంచు అరిగిన చోట ప్లాస్టిక్ సన్నటి పొరలా బయటికి కారి గట్టిపడుతుంది. పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ పక్కపక్కన పెట్టి వేలితో తడిమేవాళ్లకు ఈ పొర మొదట తగులుతుంది. ఇంకో ఇబ్బంది, అచ్చులు ఒకచోట కుదురుగా ఉండవు. ఒక దేశంలో అమ్మకం అయిపోగానే వేరే దేశపు కంపెనీకి వెళ్తాయి, అక్కడివాళ్లు తమకు కావలసిన మార్పు చేసుకుంటారు. మార్పు చేసిన అచ్చు మళ్లీ పాతది కాదు. ఉక్కులో ఇంకాస్త చెక్కితే బొమ్మమీద ప్లాస్టిక్ పెరుగుతుంది, అది తేలిక. బొమ్మమీద ప్లాస్టిక్ తగ్గించాలంటే అచ్చులో ఉక్కు నింపాలి, అంటే వెల్డింగ్ చేసి, మళ్లీ నునుపు పట్టాలి. కాబట్టి అచ్చుమీద జరిగిన ప్రతి సవరణా ఎక్కడో మచ్చ వదులుతుంది. కంపెనీ పేరు, సంవత్సరం చెక్కిన చోటు చూస్తే పాత అక్షరాలు చెరిపి కొత్తవి వేసిన ఆనవాలు దొరుకుతుంది. కలెక్టర్లు బొమ్మను తిరగేసి ముందు ఆ అక్షరాలే చదువుతారు.

కొన్ని బొమ్మలకు అచ్చు తమ చేతిలోనే లేదు. జెట్‌ఫైర్ అనే తెల్ల విమానం ఇందుకు మంచి ఉదాహరణ. దాని అసలు ఊరు టకారా కాదు. 1982 నాటి మాక్రాస్ కార్టూన్ కోసం టకటోకు అనే జపాన్ కంపెనీ చేసిన వాల్కిరీ విమానం అది. హాస్‌బ్రో దాన్ని 1985లో ట్రాన్స్‌ఫార్మర్‌గా అమ్మింది. టకటోకు 1984లో దివాలా తీసింది, అచ్చులు బందాయ్ చేతికి పోయాయి. బందాయ్ అంటే టకారాకి బద్ధ విరోధి. దాంతో జెట్‌ఫైర్ జపాన్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌గా రానేలేదు, కార్టూన్‌లో ఆ పాత్ర పేరూ రూపమూ మార్చి స్కైఫైర్ చేశారు. అదే అచ్చుతో బందాయ్ తర్వాత వాల్కిరీని మళ్లీ మళ్లీ అమ్ముకుంది. బొమ్మ ఒకటే, దాన్ని ఏ పేరుతో తిరిగి తేవచ్చన్నది మాత్రం ఉక్కు ఎవరి గోదాములో ఉందో దాన్నిబట్టి తేలింది.

పొట్టి పొగగొట్టాలు, ఎగరని క్షిపణులు

1980ల బొమ్మను ఇప్పుడు అంగుళం తేడా లేకుండా తెద్దామన్నా చట్టం ఒప్పుకోని చోట్లు కొన్ని ఉన్నాయి. జపాన్ డయాక్లోన్ బొమ్మల క్షిపణులు స్ప్రింగ్ నొక్కితే గదికి అవతలి గోడదాకా ఎగిరేవి. అమెరికాలో అంతకుముందు 1970ల చివర్లో ఒక అంతరిక్ష నౌక బొమ్మ క్షిపణి గొంతులో ఇరుక్కుని ఒక పసివాడు చనిపోయాడు, అప్పటినుంచి అక్కడి కంపెనీలకు క్షిపణి మాటెత్తితే టెన్షన్. అందుకే 1984లోనే హాస్‌బ్రో స్ప్రింగులు బలహీనం చేసింది, మీట నొక్కితే క్షిపణి ముందుకు జారి కింద పడుతుంది అంతే. 2000ల మొదట్లో టాయ్స్ ఆర్ అస్ దుకాణాల కోసం స్టార్‌స్క్రీమ్‌ను తిరిగి తెచ్చినప్పుడు క్షిపణులు గొంతులో పట్టకుండా ఇంకా పొడవు చేశారు. 2002లో అదే దుకాణాల్లోకి వచ్చిన ఆప్టిమస్ ప్రైమ్‌కి పొగగొట్టాలు పొట్టివయ్యాయి. కంట్లో గుచ్చుకునే పొడుగు కడ్డీలు పిల్లల బొమ్మకు ఉండకూడదు కదా. అది సబబే. కానీ ఆ బొమ్మ కొన్నవాళ్లలో చాలామంది ముప్ఫై దాటినవాళ్లు. వాళ్లకు ఆ పొట్టి గొట్టాలు పెద్దమనిషికి మీసం గొరిగేసినట్టు కనిపించాయి.

మెగాట్రాన్‌ది మరీ విచిత్రమైన కష్టం. అచ్చం పిస్తోలులా కనిపించే బొమ్మలకు నారింజ రంగు మొన గానీ అలాంటి స్పష్టమైన గుర్తు గానీ ఉండాలని అమెరికా 1988లో చట్టం చేసింది. 1993లో హాస్‌బ్రో జనరేషన్ 2 పేరుతో ట్రాన్స్‌ఫార్మర్లను మళ్లీ తెచ్చినప్పుడు ఆప్టిమస్ ప్రైమ్ పాత అచ్చునే వాడి నల్ల ట్రైలర్, శబ్దం చేసే పెట్టె జోడించింది. మెగాట్రాన్‌ని మాత్రం ఆకుపచ్చ యుద్ధ ట్యాంక్‌గా కొత్తగా చెక్కించింది. ఆ తర్వాతి రీఇష్యూల్లో కూడా వెండి రంగు పిస్తోలు మెగాట్రాన్ జపాన్ దుకాణాల్లో కనిపించిందే గానీ అమెరికా దుకాణాల అరల్లో చోటు దొరకలేదు. హీరో వచ్చాడు, విలన్‌కి వీసా రాలేదు.

పక్కదారిలో ఒక మాట. 1984 నాటి బొమ్మలను ఇప్పుడందరూ జనరేషన్ 1 అంటారు. ఆ రోజుల్లో ఆ పేరే లేదు. 1993లో రెండో తరం అని డబ్బా మీద రాశాక, దానికి ముందున్నది మొదటి తరం అయింది. రెండోవాడు పుట్టాకే మొదటివాడు పెద్దబ్బాయి అవుతాడు.

ఇప్పుడు కార్ల కంపెనీల అనుమతులు కూడా ఖర్చులో చేరాయి. బంబుల్‌బీ అనే రోబో మొదట్లో ముద్దుగా కుదించిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. కలెక్టర్ల కోసం చేసే మాస్టర్‌పీస్ వరుసలో 2014లో అతన్ని ఫోక్స్‌వ్యాగన్ అధికారిక లైసెన్సుతోనే తెచ్చారు. అనుమతి దొరకని చోట స్టిక్కర్ల మీది అక్షరాలు మారతాయి, బానెట్ వంపు మారుతుంది.

ఎవరి కోసం తెస్తున్నారు

2000లో టకారా జపాన్‌లో కాన్వాయ్‌ని తిరిగి తెచ్చింది. 2002 నుంచి పుస్తకంలా తెరుచుకునే అందమైన డబ్బాల్లో ట్రాన్స్‌ఫార్మర్స్ కలెక్షన్ వరుస వచ్చింది. అదే కాలంలో అమెరికాలో కమెమరేటివ్ సిరీస్. 2018లో వాల్‌మార్ట్ దుకాణాలు పాత డబ్బాల మీది చిత్రాలతో సహా కొన్ని బొమ్మల్ని మళ్లీ అరల్లో పెట్టాయి. మధ్యలో అచ్చు వేడిమీద ఉండగానే డయాక్లోన్ కాలపు రంగుల్లో పోసి వేరే పేర్లతో కూడా అమ్మారు. నీలం కారు ట్రాక్స్ ఎరుపు రంగులో రోడ్ రేజ్ అయింది అలాగే.

ఈ వరుస రీఇష్యూలు బయటపెట్టిన సంగతి ఒకటుంది. డబ్బా విప్పేదాకా ఆనందం పట్టపగ్గాల్లేకుండా ఉంటుంది. విప్పాక కొంచెం దిగులు. ఎందుకంటే పాత బొమ్మ నిజానికి పెద్దగా కదలదు. కాళ్లు లారీ వెనక భాగం అవ్వాలి కాబట్టి ఒక అడుగు ముందుకు వెయ్యలేదు. పిడికిళ్లు విడి ముక్కలు, లారీ చేసేముందు పీకి పక్కన పెట్టాలి, వారంలో ఒకటి సోఫా కిందకు పోతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఇవేవీ లోపాలుగా కనిపించి ఉండవు. అతను చేతిలో ఉన్న బొమ్మను చూడలేదు, టీవీలో పరుగెత్తే ఆప్టిమస్ ప్రైమ్‌ని చూశాడు.

ఆ ఇద్దరూ ఒకరు కాదు. కార్టూన్‌లో వేల సార్లు గీయాలి కాబట్టి బొమ్మమీది గీతలూ మరలూ స్టిక్కర్లూ అన్నీ తీసేసి రూపాన్ని సరళం చెయ్యాల్సి వచ్చింది. ఆ పని ప్రధానంగా ఫ్లోరో డెరీ అనే ఫిలిప్పీన్స్ చిత్రకారుడు చేశాడు. పాత్రలకు కదిలే మొహాలు, వంగే మోకాళ్లు వచ్చాయి. ఆప్టిమస్ ప్రైమ్‌కి పీటర్ కల్లెన్ అనే నటుడు గొంతు ఇచ్చాడు. ఎంత నమ్మారంటే, 1986 సినిమాలో పాత బొమ్మల్ని అరల్లోంచి ఖాళీ చేసి కొత్తవి అమ్ముకోవాలని హాస్‌బ్రో ఆప్టిమస్ ప్రైమ్‌ని చంపేస్తే థియేటర్లలో పిల్లలు ఏడ్చారు, తల్లిదండ్రులు ఉత్తరాలు రాశారు. సరుకు జాబితాలో ఒక వస్తువును ఆపేస్తున్నామనుకున్న కంపెనీకి అది చావని అప్పుడు తెలిసింది.

కాబట్టి నలభయ్యేళ్ల మనిషి డబ్బు పెట్టి కొనేది ఏది? ఉక్కులో ఉన్న బొమ్మనా, తలలో ఉన్న బొమ్మనా? కంపెనీలు రెండు దారులూ పట్టాయి. 2003లో మొదలైన మాస్టర్‌పీస్ వరుస రెండోదాన్ని ఎంచుకుంది. పాత అచ్చు పక్కన పెట్టి, కార్టూన్‌లో కనిపించిన ఆప్టిమస్ ప్రైమ్‌ని కొత్తగా చెక్కారు. 2011లో దాన్ని మళ్లీ మొదటినుంచి చేశారు, 2019లో ఇంకోసారి. ప్రతిసారీ తెరమీది బొమ్మకు ఇంకాస్త దగ్గర, మడతలు ఇంకాస్త జటిలం, ధర ఇంకాస్త పైకి. ఇలా పోయిపోయి, బొమ్మను లారీ చెయ్యడానికి సూచనల కాగితం, మంచి వెలుతురు, ఓపిక మూడూ కావలసి వచ్చే స్థితికి చేరింది. పిల్లలు రెండు నిమిషాల్లో మార్చిన బొమ్మది.

టకారా, టోమీ కంపెనీలు 2006లో కలిసిపోయాయి. ఆ టకారా టోమీ ట్రాన్స్‌ఫార్మర్స్ నలభయ్యో ఏడు 2024లో మిస్సింగ్ లింక్ పేరుతో మొదలుపెట్టిన వరుస మూడో దారి. మొదటి బొమ్మ సీ-01 కాన్వాయ్. దూరంనుంచి చూస్తే 1984 బొమ్మే. అదే స్టిక్కర్ల పద్ధతి, అదే మెరుపు పూత, పాతదాన్నే గుర్తుచేసే డబ్బా. కానీ ఇది పాత ఉక్కు కాదు. పాత ఆకారాన్ని గీటు తప్పకుండా పట్టుకుని, లోపల కీళ్లు కొత్తగా పెట్టారు. నిలబడిన కాన్వాయ్ ఇప్పుడు కాలు ముందుకు పెట్టి తుపాకీ గురిపెట్టగలడు. సీ-02గా కార్టూన్ రంగుల్లో మరొకటి వచ్చింది.

ఇదే ఇప్పటిదాకా వచ్చిన వాటిలో తెలివైన రీఇష్యూ అని చెప్పాలి, నిజానికి అది రీఇష్యూ కాకపోయినా. పాత ఉక్కుతో పోసిన బొమ్మ చరిత్రకు నిజాయితీగా ఉంటుంది, చేతికి నిరాశ కలిగిస్తుంది. మాస్టర్‌పీస్ కార్టూన్‌కి నిజాయితీగా ఉంటుంది, బొమ్మలా ఆడుకోనివ్వదు. మిస్సింగ్ లింక్ చేసింది ఒక చిన్న మోసం, కొనేవాడికి తెలిసి, కొనేవాడి ఇష్టంతో చేసిన మోసం. చిన్నప్పుడు బొమ్మ ఇలాగే కదిలేదని గుర్తున్నవాడికి, అవును అలాగే కదిలేదని చెప్పింది. దీనిమీద అభ్యంతరం ఉన్నవాళ్లూ ఉన్నారు. మార్పు చేశాక పాతదని ఎలా అంటారని వాళ్ల ప్రశ్న. 1984లో డ్రైవర్‌ని దింపేసినప్పుడే ఆ ప్రశ్నకు కాలం చెల్లింది.

దొరకనిదాని జ్ఞాపకం

1980ల్లో మన దేశంలోకి వినియోగ వస్తువుల దిగుమతిమీద గట్టి ఆంక్షలుండేవి, విదేశీ బొమ్మ విజయవాడ దుకాణంలో మామూలుగా దొరికే సరుకు కాదు. ఎంఆర్ఎఫ్ వారి ఫన్‌స్కూల్ మాత్రం హాస్‌బ్రో అచ్చులతో జీఐ జో సైనికుల్ని ఇక్కడే పోసి అమ్మింది, 1990ల తెలుగు పిల్లల్లో కొందరికి అవి బాగా తెలుసు. ఫన్‌స్కూల్ రంగుల మేళవింపులు అమెరికాలో ఎక్కడా లేనివి కావడంతో ఇప్పుడు అక్కడి కలెక్టర్లే వాటిని వెతుక్కుంటున్నారు. టకారా రోబోల్లో మైక్రోచేంజ్ వంశానికి ముత్తాత జీఐ జోనే అని గుర్తుచేసుకుంటే, ఆ వంశంలో ఒక శాఖ మన ఇంటిదాకా వచ్చిందన్నమాట. కాన్వాయ్ వంశం రాలేదు.

అందుకే హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న తెలుగు కలెక్టర్ ఆప్టిమస్ ప్రైమ్ రీఇష్యూ కొంటుంటే, అది పోగొట్టుకున్న బొమ్మ తిరిగి రావడం కాకపోవచ్చు. మొదటిసారి రావడమే. పైగా 2007 నుంచి వచ్చిన సినిమాల్లో ఆప్టిమస్ ప్రైమ్ పొడుగు ముక్కు పీటర్‌బిల్ట్ లారీ. పాత బొమ్మది చదును మొహం. అమెరికాలో లారీల మొత్తం పొడవు మీద ఉన్న పరిమితులు 1982 చట్టంతో సడలాక, చదును మొహం లారీలు మెల్లగా రోడ్లమీదనుంచి మాయమయ్యాయి. అక్కడివాళ్లకు ఆ ఆకారమే ఒక పాత జ్ఞాపకం. మన జాతీయ రహదారి పక్కన టీ కొట్టు దగ్గర ఆగిన లారీల్లో చాలావాటిది ఇవాళ్టికీ అదే మొహం. రెట్రో అనేది ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాన్నిబట్టి ఉంటుంది.

దేశంలో ఉండి కొనాలంటే ఖర్చు వేరే కథ. బొమ్మల దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ నాణ్యత గుర్తు తప్పనిసరి చేసింది. దేశీయ తయారీకి ఊతం ఇవ్వడానికి, నాసిరకం బొమ్మల్ని ఆపడానికి చేసిన ఏర్పాటది. దాని ఉద్దేశంలో కాన్వాయ్ లేడు, కానీ వలలో పడ్డాడు.

అసలు ధర ఎక్కువైన చోట నకిలీ దూరుతుంది. 1985లోనే హాస్‌బ్రో బొమ్మలమీద, వేలితో రుద్దితే ఆ రోబో ఏ పక్షమో చెప్పే గుర్తు వేడికి కనిపించే స్టిక్కర్ అతికించింది, నకిలీల్ని పట్టుకోడానికే. ఇప్పటి నకిలీలు అంత తేలిగ్గా దొరకవు. అయితే భౌతికశాస్త్రం ఒక చిన్న సాయం చేస్తుంది. ప్లాస్టిక్ చల్లారేటప్పుడు సుమారు అర శాతం కుంచించుకుపోతుంది. అచ్చు చెక్కేవాళ్లు ఆ మేరకు ఉక్కును పెద్దగా చెక్కుతారు. అసలు అచ్చు లేక, తయారైన బొమ్మ మీదనుంచి కొలతలు తీసి ఆ లెక్క చూసుకోకుండా అచ్చు చేస్తే, దాంట్లోంచి వచ్చే బొమ్మ మళ్లీ ఆ మేరకు చిన్నదవుతుంది. తమ్ముడు అన్న చొక్కా వేసుకున్నట్టు, అసలు బొమ్మ భాగాలు దానికి సరిగ్గా కూర్చోవు. కొలబద్దతో చూసేవాళ్లకు దొరికిపోతుంది.

రీఇష్యూ వచ్చినప్పుడల్లా పాత బొమ్మల ధర పడిపోతుందని కొందరు భయపడతారు. విడిగా, చేతులు పోయి, స్టిక్కర్లు ఊడిన పాత బొమ్మకు ఆ దెబ్బ తగలడం సహజం, ఆడుకోడానికి కొత్తది చవగ్గా దొరుకుతోంది కాబట్టి. సీలు తియ్యని 1984 డబ్బాకు ఏమీ కాదు. అది కొనేవాళ్లకు బొమ్మతో పనిలేదు. దాన్ని గ్రేడింగ్ సంస్థకు పంపి, మార్కులు వేయించి, యాక్రిలిక్ పెట్టెలో బంధిస్తారు. బొమ్మకు ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదేమో.

పైగా పెట్టెలో పెట్టినా కాలం ఆగదు. తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. రబ్బరు టైర్లు బీటలు వారతాయి. 1980ల చివర్లో, 1990ల్లో వాడిన బంగారు మెరుపు ప్లాస్టిక్ అయితే మరీ దారుణం. కొన్నేళ్లకు దానంతటదే పెళుసెక్కి, ముట్టుకుంటే మరమరాల్లా పొడిపొడి అవుతుంది. సీలు తియ్యకుండా దాచినవాళ్లకు లోపల ముక్కలు దొర్లుతున్న చప్పుడు వినపడాల్సిందే. ఆ ప్లాస్టిక్‌తో పోసిన బొమ్మల్ని బతికించడానికి మళ్లీ పొయ్యడం తప్ప వేరే దారి లేదు.

ఇక ఆ డ్రైవర్ సంగతి. 2016లో టకారా టోమీ డయాక్లోన్‌ను పెద్దవాళ్ల కోసం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి రోబోలకు ప్రాణం లేదు, గొంతు లేదు, గ్రహం లేదు. అన్నీ వాహనాలే, అన్నిటికీ సీటుంది. 1984లో డబ్బాలోంచి దిగిపోయిన బుల్లి మనిషి మూడు సెంటీమీటర్ల ఎత్తుతో తిరిగొచ్చి ఆ సీటులో కూర్చున్నాడు. పాదాల్లో అయస్కాంతాలు అలాగే ఉన్నాయి.